కొంగు ముడిలో చక్కెర

ముడి విప్పమని రవళి మళ్లీ అడిగింది. మొగులమ్మ విప్పలేదు.

చీర కొంగు చివరను గుప్పిట్లో దాచుకుని వంటగది గడపలో నిలబడింది ముసలామె. ఎదురుగా కోడలు, ఒక చేతిలో అన్నం గరిటె, రెండో చెయ్యి ముందుకు చాచి. వీళ్లిద్దరి మధ్య నేల మీద కూర్చుని తొమ్మిదేళ్ల నిషిత పప్పన్నాన్ని పళ్లెంలో అటు నుంచి ఇటు తోస్తోంది. రెండు ముద్దలు తిన్నదో లేదో, ఇంట్లో ఈ రభస మొదలైంది. ఇక ఆ పిల్లకు ముద్ద ఎక్కడ దిగుతుంది?

కాసేపటి క్రితమే నిషిత వేలు గుచ్చి చూస్తే మీటరులో మూడు వందల ఎనభై ఆరు వచ్చింది. పొద్దున లేవగానే నూట పద్దెనిమిది ఉన్న పిల్ల. తిన్నది ఒక జొన్నరొట్టె, దానికి సరిపడా ఇన్సులిన్ కూడా పడింది. రవళి పళ్లు కొరుక్కుంటూ, మధ్యాహ్నం అన్నానికి ఇవ్వాల్సిన ఇన్సులిన్‌కు తోడు, పెరిగిన షుగర్‌ను దించడానికి డాక్టరమ్మ చెప్పిన లెక్కన ఇంకొంత కలిపి పొట్ట మీద ఇచ్చింది. ఇచ్చి తలెత్తేసరికి అత్తగారి కొంగు చివర ఉబ్బుగా ముడి కనబడింది.

"అందుల ఏమున్నదో చూపియ్యి అత్తమ్మా."

"ఏమున్నది, ఆకువక్క."

"నువ్వు ఆకులు నములుడు మానేసి ఏడాదాయె."

అబద్ధమాడటం ఈ వయసులో నేర్చుకుంటే ఇట్లాగే ఉంటుంది. మొగులమ్మ దగ్గర రెండో అబద్ధం లేదు. తల దించుకుని తానే ముడి విప్పింది. చెమటకు కాస్త గడ్డకట్టిన చక్కెర, గుప్పెడు, నేల మీద రాలింది.

గోడవారగా కూర్చుని సేఫ్టీ బూట్లకు లేసులు కట్టుకుంటున్న బాలరాజ్ చేతులు ఆగిపోయాయి. బాలరాజ్ రవళి భర్త, మొగులమ్మ పెద్దకొడుకు. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. రవళిది ఇంకో కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే పని. ఈ వారం ఇద్దరిదీ మధ్యాహ్నం షిఫ్టే. అన్ని టన్నుల డ్రమ్ములను చిటికెలో ఎత్తి దించే మనిషి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక్క మాటను ఎత్తలేడు. మళ్లీ లేసు మీదికి వంగాడు.

రవళి అనుమానం ఊరికే పుట్టింది కాదు. దాన్ని సంగారెడ్డిలో డాక్టరమ్మే నాటి పంపింది. పొద్దున అంత బాగున్న షుగర్ మధ్యాహ్నానికి ఇంత ఎట్లా పెరుగుతుందని ఆమెకూ అంతు పట్టలేదు. ఇంట్లో ఎవరైనా చాటుగా తీపి పెడుతున్నారేమో కనిపెట్టమంది. రవళి కనిపెట్టడం మొదలుపెట్టింది. దసరా సెలవుల్లో నిషిత పొద్దంతా నాయినమ్మతోనే. గుమ్మడిదల దాటాక రోడ్డు పక్కన గొనెసంచి పరిచి మొగులమ్మ సీతాఫలాలు అమ్ముతుంది. ఏది మాగిందో ఏది మాగలేదో బొటనవేలితో నొక్కి చూసి వేరు చేయడం నిషిత పని. పగిలినవాటిని మేకల కోసం గంపలోకి గీకి వేయడం కూడా. మధ్యాహ్నం ఇంటికి వచ్చే పిల్ల చేతులు, గౌను, అంతా సీతాఫలం వాసన. రవళికి సెలవున్న రోజు పిల్ల ఇంట్లోనే ఉంటుంది, ఆ రోజు మీటరు బుద్ధిగా ఉంటుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నేను తినలేదు మమ్మీ అని నిషిత రోజూ చెబుతూనే ఉంది. నాయినమ్మ నేర్పిన మాట అని రవళి రోజూ కొట్టిపారేస్తూనే ఉంది.

"పిల్ల వణుకుతది రవళీ." మొగులమ్మ గొంతు తగ్గించి అంది. "మీరిద్దరు డ్యూటీకి వోయినంక దుకాణం కాడ కూసుంటం గద. ఇంత సేపటికి చేతులు వణుకుతయి, ఒళ్లంత చెమట వడ్తది. అడిగింది చెప్పదు, ఎటో చూస్తది. నోట్లె ఇంత షక్కర వేస్తె నిలవడ్తది. అందుకే కొంగుకు కట్టుకుంటున్న. నాకేం షోకా?"

ఈ మాట నిజమేనా అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే రవళికి తర్వాత జరిగింది తప్పేది. కానీ మొగులమ్మ మాటకు సూదుల విషయంలో ఈ ఇంట్లో ఎప్పుడో విలువ పోయింది. పిల్లకు ఈ జబ్బు బయటపడ్డ కొత్తలో, ఆకు పసరుతో సూదులు మాన్పిస్తానన్న ఒకాయనను ఆమె ఇంటికి తీసుకొచ్చింది. సూది ఆపితే పిల్ల దక్కదని రవళి అతణ్ణి వాకిట్లోంచే తరిమింది. అప్పటి నుంచి అత్త ఏమన్నా, సూది మీద పగతోనే అంటోందని కోడలి లెక్క.

"షుగర్ తక్కువైతె వణుకుతరని నాకు తెల్వదా? మూడు వందల ఎనభై ఆరు ఉన్న పిల్లకు తక్కువెట్లయితది?" అంది రవళి. "నువ్వే పెడ్తవు, నువ్వే వణికిందంటవు."

మీటరు ముందు ఎవరి మాట నిలుస్తుంది?

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. రవళి ఊరుకోలేదు. దాచిపెట్టుకున్నది కూడా బయట పెట్టింది.

"మొన్న క్యాంటీన్ల నుంచి ఫోన్ జేసిన గద. పండుగ పూట పిల్లకు ఇంత జిలేబి పెట్టు అత్తమ్మా, ఏం గాదు అన్న. పెట్టినవా లేదా?"

"నువ్వు పెట్టుమంటెనే పెట్టిన."

"నీ చెయ్యి ఆగుతదా ఆగదా అని చూసెతందుకు అన్న. ఆగలే."

ఆ రోజు ఫోన్‌లో కోడలు నెమ్మదిగా, ప్రేమగా మాట్లాడిందని మొగులమ్మ పొంగిపోయింది. పక్కన జామపండ్లు అమ్మే ఆవిడకు కూడా చెప్పుకుంది, మా కోడలు కోపిష్టిదే కానీ మనసు మంచిదని. ఆ ప్రేమ వల వేయడానికని ఇప్పుడు తెలిసింది. కూతురి కోసం భయపడే తల్లి ఏమైనా చేస్తుందని మనం రవళిని క్షమించవచ్చు. మొగులమ్మ ముఖం చూస్తే మాత్రం క్షమించబుద్ధి కాదు.

"గట్లనా," అంది మొగులమ్మ.

లోపలికి వెళ్లి సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. కొల్లూరులో చిన్నకొడుకు జైపాల్‌కు సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది కదా, అక్కడికి పోతానని కొడుకుతో చెప్పింది, కోడలితో కాదు. నిషిత పళ్లెం వదిలేసి పరుగెత్తుకొచ్చి నాయినమ్మ నడుము పట్టుకుంది. తానూ వస్తానని ఏడుపు. బడికి ఎట్లాగూ సెలవులే.

బాలరాజ్ అప్పుడు నోరు తెరిచాడు. ఒక్కరోజు పోనిమ్మన్నాడు, ఇద్దరి మనసులూ చల్లబడతాయన్నాడు. ఎండలో బస్సులో ఇన్సులిన్ పెన్ను పంపడం ఎందుకు, డ్యూటీ మధ్యలో అవుట్‌పాస్ తీసుకుని రాత్రి బువ్వ వేళకు మీటరూ పెన్నూ తానే బండి మీద తెస్తానన్నాడు. రవళి కూతురి కళ్లలో నీళ్లు చూసింది, అత్త సంచి చూసింది. నేల మీద పడి ఉన్న చక్కెర చూసింది.

"పోనీ," అంది. "కానీ నిషి తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి అత్తమ్మా. తీపి అన్నది ఒక్క పలుకు గూడ దాని నోట్లె వెయ్యనని."

"గంత మాట ఎందుకే," అన్నాడు బాలరాజ్.

"ఎయ్యకుంటె పిల్ల గడప దాటది."

మొగులమ్మకు ఒట్టు ఆటమాట కాదు. బతుకంతటికీ ఒక్కసారి వేసింది, మొగుడు పోయిన ఏడు, దాయాదుల పంచాయితీలో పొలం గట్టు జరపలేదని, బాలరాజ్ తల మీద. ఆ రాత్రంతా కొడుకు ఊపిరి వింటూ కూర్చుందట. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో వాళ్లకే తగులుతుందని ఆమె నమ్మకం. ఆ సంగతి కోడలికి బాగా తెలుసు. తెలుసు కాబట్టే అడిగింది.

ముసలామె చెయ్యి లేవలేదు. పిల్ల తల వైపు చూస్తూ నిలబడింది. నిషితే ఆ చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.

"ఎయ్యి నాయినమ్మా. పోదాం."

"పెట్ట," అంది మొగులమ్మ. "నా మనవరాలి మీద ఒట్టు. నా చేతుల మీదుగ తీపి దాని నోట్లెకు పోదు."

నేల మీద చక్కెరను రవళి చీపురుతో ఊడ్చేసింది. వాకిట్లో బండి మీద తండ్రి వెనక కూతురు, కూతురి వెనక నాయినమ్మ. ఎక్కబోతూ మొగులమ్మ వెనక్కి తిరిగింది.

"ఆ మిషిని ఒకసారి నీ వేలికి గూడ పెట్టుకో రవళీ. రోజు నా మనవరాలినే దొంగను జేస్తున్నది."

బండి మలుపు తిరిగింది.

రవళికి తలనొప్పి మొదలైంది. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి సెలవు చెప్పింది, అతను సణిగాడు, ఆమె విననట్టు పెట్టేసింది. గెలిచినట్టే ఉంది కానీ గెలిచిన సంతోషం రాలేదు. ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. వెనక పందిట్లో మొగులమ్మ వదిలేసి వెళ్లిన పండ్ల గంప కనబడింది. ఈగలు ముసురుతున్నాయి.

ఆమె గంప దగ్గర కూర్చున్నది శుభ్రం చేయడానికి మాత్రమే కాదు. వెతకడానికి కూడా. పిల్ల తిన్న పండు ఉంటే చప్పరించి ఉమ్మిన గింజలు ఉండాలి. గంపలో, సంచిలో, నిషిత గౌను జేబుల్లో, అన్నిచోట్లా చేయి పెట్టి చూసింది. పగిలిన పండ్లను రెండుగా విప్పి చూసింది. గింజలన్నీ గుజ్జుతోనే ఉన్నాయి. ఒక్కటీ చప్పరించింది కాదు. మేకల గంపలో వేసినవీ అంతే, నోరు తగిలిన గుర్తు లేదు.

అక్కడ దొంగ దొరకలేదు. మొగులమ్మ చివరి మాట చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. మీటరు తప్పు చూపిస్తుందేమోనన్న అనుమానం రవళికి ఎప్పుడూ రాలేదు. సరే, అది కూడా తీర్చుకుందామని లోపలికొచ్చింది. నాకు జబ్బు లేదు కదా, నా వేలు ఎంత చూపిస్తుందో చూస్తే అత్త నోరు కూడా మూతపడుతుంది.

కూతురికి రోజూ చేసినట్టే చేసింది. స్పిరిట్ దూదితో వేలు గట్టిగా తుడిచింది. ఆరనిచ్చింది. గుచ్చింది. రక్తం చుక్కను స్ట్రిప్పుకు అందించింది.

మూడు వందల నలభై ఒకటి.

మొదట తనకూ జబ్బు వచ్చిందనుకుంది. మంచం మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అప్పుడు వచ్చింది వాసన, తన వేళ్ల నుంచే. స్పిరిట్ వాసన కింద, ఇంకా పోకుండా, సీతాఫలం.

కంపెనీలో లోపలికి వెళ్లాలంటే మొదట సబ్బుతో చేతులు కడగాలి, ఆ తర్వాతే స్పిరిట్. గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉంటుంది. ఇంట్లో ఆ మొదటి పనిని తీసేసింది తానే. ఎందుకంటే ఇంట్లో వచ్చేది బోరు నీళ్లు. పొద్దున పట్టిన బిందె సాయంత్రానికి పసుపుపచ్చ తెట్టు కడుతుంది, ముక్కు దగ్గర పెడితే మందుల వాసన. ఆ నీళ్లతో బట్టలు ఉతకడానికే మనసొప్పని రవళి, సూది గుచ్చే వేలికి వాటిని తగలనివ్వలేదు. చేతులు కడగడం పరీక్ష అయ్యాకే. ముందు మాత్రం స్పిరిట్. స్పిరిట్ పడితే ఇక ఏమీ మిగలదని నమ్మింది. పురుగును చంపుతుంది గాని తీపిని కడగదని ఆమెకు తట్టలేదు. నీళ్లను అనుమానించింది, అత్తను అనుమానించింది, కన్నకూతురి మాటను అనుమానించింది. స్పిరిట్‌ను ఒక్కదాన్నే నమ్మింది.

తాగే నీళ్ల క్యాను వంచి సబ్బుతో చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా రుద్దింది. పొడిబట్టతో తుడుచుకుని ఇంకో వేలు గుచ్చింది. చుక్కను కొత్త స్ట్రిప్పుకు అందించింది.

తొంభై నాలుగు.

నిషిత తినలేదు. ఒక్క పండూ తినలేదు. పిల్ల చెప్పింది నిజం, ముసలామె చెప్పింది నిజం. రోజూ మధ్యాహ్నం తాను లేని షుగర్‌ను దించడానికి ఇన్సులిన్ ఇచ్చి డ్యూటీకి వెళ్లిపోతుంటే, ఉన్న షుగర్ కూడా పడిపోయి వణికే పిల్లను కొంగులో చక్కెరతో నిలబెట్టింది మొగులమ్మ. రవళి ఏడవలేదు. ఏడవడానికి వీల్లేకుండా ఇంకో సంగతి గుర్తొచ్చింది.

ఈ రోజు కూడా ఇచ్చింది. అంతా ఇచ్చింది. పిల్ల తిన్నది రెండు ముద్దలు. చక్కెర ఊడ్చి బయట పోసింది తన చేతులే.

బాలరాజ్‌కు ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. వాళ్లను బస్సెక్కించి డ్యూటీలోకి వెళ్లి ఉంటాడు, ఫోను లాకర్‌లో ఉంటుంది, లోపలికి తీసుకుపోనివ్వరు. జైపాల్ ఫోను అందుబాటులో లేదంది. చెప్పుల్లో కాళ్లు పెట్టి రోడ్డు వైపు పరుగెడుతూ మొగులమ్మకు కలిపింది. చాలాసేపటికి ఎత్తింది. వెనక బస్సు హోరు.

"పిల్ల ఎట్లున్నది అత్తమ్మా?"

"ఒళ్లె పండుకున్నది." మొగులమ్మ గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "చెమట వట్టింది. చేతులు వణుకుతున్నయి. చెప్తె నమ్మవు గద, అందుకే ఫోన్ చెయ్యలే."

"ఏమన్న తిన్నదా?"

"ఏం తినలే. షక్కర అడిగింది, లేదన్న. పక్కసీటామె చూడలేక బిస్కెట్ ఇయ్యబోతె నీ బిడ్డనే నోరు మూసుకున్నది. నాయినమ్మా, ఒట్టు తప్పుతది అన్నది."

రవళి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. లారీ హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది.

"అత్తమ్మా, ఆ బిస్కెట్ లేటయితది, జల్దీ ఎక్కె తీపి ఏదన్న పెట్టు. చాక్లెట్, షక్కర, కూల్‌డ్రింక్, బస్సుల ఎవరినన్న అడుగు. నోట్లె వెయ్యి. తప్పు నాదే, మిషిని తప్పు చూపింది, ఇంటికొచ్చినంక అంత చెప్త. ఇప్పుడైతె పెట్టు. ఏం గాదు, పెట్టు అత్తమ్మా."

గొంతు వీలైనంత నెమ్మదిగా, ప్రేమగా పెట్టింది, ముసలామె బెదరకూడదని.

అవతల బస్సు ఎక్కడో ఆగింది. కండక్టర్ ఎవరినో దిగమంటున్నాడు. తర్వాత మొగులమ్మ మాట వినబడింది.

"మొన్న గూడ గిట్లనే అన్నవ్ గద బిడ్డా, ఫోన్ల."